వేలికీ అంచుకీ మధ్య

కత్తుల గురించి రాసేవాళ్ళు ఉక్కు మీదా పదును మీదా పేజీలు నింపేస్తారు. మడతకత్తిలో నన్ను పట్టి ఆపేది మాత్రం వేరే సంగతి: తెరిచిన బ్లేడు పనిమధ్యలో వేళ్ళ మీదకి మూసుకుపోకుండా ఆపేదేమిటి? కత్తిపీటతో పెరిగిన ఇళ్ళలో ఈ ప్రశ్నే రాదు. అక్కడ కత్తి కదలదు, కాయే కదులుతుంది.

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన మడతకత్తి క్రీ.పూ. 600-500 నాటిది. తర్వాత చాలాకాలానికి షెఫీల్డ్ పనివాళ్ళు పిడి వెన్నులో స్ప్రింగు పెట్టారు. అది బ్లేడుని నొక్కి పట్టుకుంటుంది, అంతే. గట్టిగా పొడిస్తే లొంగిపోతుంది. స్పెయిన్ నవాహాల్లో కొన్నిటికి పళ్ళ అమరిక ఉండేది, తెరుస్తుంటే కరకరమనేది. ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన కత్తికి లాక్ లేదు. తిప్పి బిగించే ఉంగరం 1955లో గానీ రాలేదు. అరవై ఐదేళ్ళు ఆ కత్తి వాడినవాళ్ళు తమ వేళ్ళని తామే కాచుకున్నారన్నమాట!

పిడి లోపలి రేకునే చీల్చి, ఆ ముక్కని లాక్‌గా వాడే ఆలోచనకి అమెరికాలో 1906లోనే పేటెంట్ ఉంది. దాన్ని ఇవాళ్టి రూపానికి తెచ్చింది మైకేల్ వాకర్, 1980ల మొదట్లో. వెన్ను స్ప్రింగు తీసేశాడు. బ్లేడు తెరుచుకోగానే రేకు పక్కకి దూకి దాని మొదలు వెనక నిలబడుతుంది. మూసినప్పుడు బ్లేడు జారకుండా అదే రేకు మీదున్న చిన్న గుండు పట్టుకుంటుంది.

చెప్పడానికి ఇంతే. చేత్తో కత్తి చేసేవాడి ఓపిక అంతా ఆ రేకు కొస దగ్గరే ఖర్చవుతుంది. బ్లేడు మొదలుని కాస్త ఏటవాలుగా, సుమారు ఏడెనిమిది డిగ్రీలు, కోస్తారు. వాలు ఎక్కువైతే ఒత్తిడికి రేకు జారిపోతుంది. తక్కువైతే బిగుసుకుపోయి బొటనవేలికి లొంగదు. అందుకే రేకుని ముందు కొంచెం పొడుగ్గానే ఉంచుతారు. కొసకి మార్కర్‌తో నల్లరంగు పూసి, కత్తి తెరిచి మూసి, రంగు ఎక్కడ చెరిగిందో చూస్తారు. అక్కడ ఆకురాయితో ఒకటి రెండుసార్లు రాస్తారు. మళ్ళీ రంగు, మళ్ళీ తెరవడం. ఒక్క రాపిడి ఎక్కువైతే రేకు బ్లేడు మొదలు దాటి అవతలి వైపుకి పోతుంది, అరిగిన లోహాన్ని తిరిగి అతికించలేం. బాగా కుదిరితే రేకు ఇవతలి అంచు దగ్గరే ఆగుతుంది. ఏళ్ళ వాడకంలో అరిగేకొద్దీ ఇంకాస్త లోపలికి జరిగి, ఆ వదులుని తానే పూడ్చుకుంటుంది. ఈ లాక్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

నచ్చనిదీ ఒకటుంది. మూయాలంటే బొటనవేలితో రేకుని పక్కకి తొయ్యాలి. అంటే వేళ్ళని కాపాడే ఆ లాక్‌ని విప్పడానికి, బ్లేడు వచ్చి పడే దారిలోనే వేలు పెట్టాలి. తర్వాత క్రిస్ రీవ్ పిడి పలకనే లాక్‌గా మార్చి దాన్ని ఇంకా దృఢం చేశాడు. బొటనవేలు మాత్రం అక్కడే ఉంది.