యాంటీహిస్టమిన్ కంటి చుక్కలు

అలర్జీతో కళ్లు దురదపెట్టి, ఎర్రబడి, నీరు కారుతున్నప్పుడు వాడే మందు. దుమ్ము, పుప్పొడి వంటివి పడనివారిలో అవి తగలగానే కంటిపొరలోని మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను విడుదల చేస్తాయి. దాని పనిని ఈ చుక్కలు అడ్డుకుంటాయి. వీటిలో ఓలోపటడిన్, కీటోటిఫెన్ అనే మందులు ఆ విడుదలనూ తగ్గిస్తాయి. ఓలోపటడిన్ 0.1 శాతం చుక్కలను సాధారణంగా రోజుకు 2 సార్లు వేస్తారు.

సింగరాయకొండ నుంచి గుంటూరు దాకా మిరప, పత్తి పనులు సాగే నేలలో ఒక తేడా తప్పక తెలియాలి. కల్లాల్లో మిరపఘాటుకు పుట్టే మంట చాలావరకు మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం వల్ల వచ్చేది, అలర్జీ కాదు. అప్పుడు ముందుగా శుభ్రమైన నీటితో కళ్లు బాగా కడగాలి. దురద తగ్గుతోంది కదా అని స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా కొని నెలల తరబడి వాడటం మాత్రం నిజంగా ప్రమాదం: గ్లాకోమా, శుక్లాలు వచ్చి చూపే పోవచ్చు. నొప్పి, మసక, వెలుతురు భరించలేకపోవడం ఉంటే వెంటనే కంటి వైద్యుణ్ణి కలవాలి.