గట్టు మీద కూర్చుంటే కనిపించేది నురగే

మరపడవల పందేలకు పేరు తెచ్చినవాడు నావికుడు కాదు, పత్రికాధిపతి. ‘డైలీ మెయిల్’ యజమాని ఆల్‌ఫ్రెడ్ హామ్స్‌వర్త్ 1903లో దేశాల మధ్య పోటీ పెట్టి ఓ కప్పు ఇచ్చాడు. ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవులో గెలిచిన నేపియర్ పడవ వేగం గంటకు 31 కిలోమీటర్లు. ముంబై దాదర్‌లో ఎక్కే స్లో లోకల్ రైలు కూడా దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. అయినా పేపర్లకు వార్త దొరికింది. ఎవరో ఒకరు చూపిస్తేనే రక్తికట్టే ఆట ఇది, మొదట్నుంచీ అంతే.

ఆ పడవ నీళ్లను చీల్చుకుంటూ పోయేది. ఇప్పటివి నీళ్లను అంటీ అంటనట్టు పోతాయి. పక్కపక్కనే రెండు సన్నని పడవలు, మధ్యలో సొరంగం. అందులోకి దూసుకొచ్చే గాలే పడవను పైకెత్తుతుంది. వేగం ముదిరితే నీళ్లలో మిగిలేది ప్రొపెల్లరూ, వెనక కొసా. ముక్కు ఇంకాస్త లేచిందా, పడవ వెల్లకిలా తిరగబడుతుంది. 1967 జనవరి 4న ఇంగ్లండ్‌లోని కానిస్టన్ సరస్సు మీద రికార్డు కోసం వెళ్లిన డొనాల్డ్ క్యాంప్‌బెల్ ‘బ్లూబర్డ్’ అలాగే గాల్లోకి లేచి పల్టీ కొట్టింది. కెమెరాలు దాన్ని పట్టుకున్నాయి. పందేలు చూడనివాళ్లు కూడా ఆ కొన్ని సెకన్ల ఫిల్మ్ చూసే ఉంటారు.

1981లో ఫార్ములా వన్ పడవల ప్రపంచ పోటీ మొదలైంది. తొలి విజేత ఇటలీకి చెందిన రెనాటో మొలినారి. ఆరు మీటర్ల పడవ, 400 హార్స్‌పవర్ ఇంజన్, 200 కిలోమీటర్లు దాటే వేగం. బ్రేకుల్లేవు, గేర్లూ లేవు. 1980లలో డ్రైవర్లు వరసగా ప్రాణాలు పోగొట్టుకున్నాకే, పడవ ముక్కలైనా మనిషి మిగిలేలా గట్టి పెట్టెలాంటి కాక్‌పిట్ వచ్చింది.

ఒడ్డున నిలబడ్డవాడికి ఇదేదీ తెలియదు. మొదటి పడవ లేపిన తుంపరలో వెనకవాళ్లంతా మాయం. ముందున్నదెవరో, ఒక చుట్టు వెనకబడ్డదెవరో అంతుపట్టదు. ఆ మాటకొస్తే డ్రైవర్లకే కనిపించదు. ఎత్తుమీద నిలబడిన తమ జట్టు మనిషి రేడియోలో చెబుతుంటే నడుపుతారు. ఈ చిక్కు విప్పింది టీవీ. హెలికాప్టర్ నుంచి చూస్తే పందెం పటం గీసినట్టు కనబడుతుంది. కాక్‌పిట్‌లోని కెమెరాలో బోయా మలుపు దగ్గర మనిషి తల ఒక పక్కకు ఒరిగిపోవడం చూస్తే ఆ వేగం మనకూ తగులుతుంది.

ముంబైకి ఫార్ములా వన్ పడవలు 2004లో వచ్చాయి. 2017 మార్చిలో మెరైన్ డ్రైవ్ ముందు పీ1 అనే మరో పోటీ పడవలు పరుగెత్తాయి, ఒక్కో దాంట్లో ఇద్దరేసి. కారు ర్యాలీల గౌరవ్ గిల్, మోటార్‌సైకిల్ ర్యాలీల సి.ఎస్. సంతోష్ కూడా ఎక్కారు. పందేనికి అంతకన్నా మంచి గ్యాలరీ దేశంలో లేదని నా అభిప్రాయం: వంపు తిరిగిన పొడవాటి గట్టు, టిక్కెట్టు అక్కర్లేదు. దాదర్ వాళ్లు మెరైన్ లైన్స్‌లో దిగితే చాలు, కామాఠీపురా వాళ్లకు ఇంకా దగ్గర. తెలంగాణ నుంచి వచ్చి ఈ నగరానికి రాళ్లూ సున్నమూ మోసిన కామాఠీల పేరే ఆ పేటది. కానీ గట్టు మీద చోటు ఎంత మంచిదైనా కనిపించేది నురగే, వినిపించేది రొద.

తెలుగునేల మీద ఫార్ములా వన్ పడవల పందెం 2018 నవంబర్ 16 నుంచి 18 వరకు విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర జరిగింది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ నిలకడగా ఉంటుంది. ఈ పడవలకు కావలసింది సరిగ్గా అదే, సముద్రపు అల కాదు. స్వీడన్ డ్రైవర్లు యోనాస్ ఆండర్సన్, ఎరిక్ ఎదిన్‌ల జట్టుకు ‘అమరావతి’ అని పేరు పెట్టారు. ఇంకా కట్టని రాజధాని పేరు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో తిరిగింది! ఒడ్డున చేరిన జనం కోసమే అయితే అంత ఖర్చు అక్కర్లేదు. టీవీలో ఆ పేరు దేశదేశాలకూ కనబడాలన్నదే అసలు లెక్క. 1903లో పత్రికాధిపతిదీ దాదాపు ఇదే లెక్క.

2019లో మాత్రం కృష్ణ మీద ఆ పందెం జరగలేదు.