పుట్టింటి అండ

డ్రీమ్‌కాస్ట్ కొన్నాం, ఏ ఆటలు ఆడమంటారని అడిగినవాళ్ళ చేతిలో ఇరవై పేర్ల చిట్టా పెట్టడం సులువే. నేను మాత్రం ముందు ఆ పెట్టె పుట్టిల్లు ఎక్కడో చెబుతాను. అది తెలిస్తే ఆటలు ఎంచుకోవడం తేలిక.

1995 మేలో జపాన్ కంపెనీ సెగా తన సాటర్న్ ఆటపెట్టెను అమెరికా దుకాణాల్లోకి చెప్పాపెట్టకుండా 399 డాలర్లకు దింపింది. అదే రోజు సోనీ తన ప్లేస్టేషన్ ధర 299 అని చెప్పింది. ఆ దెబ్బ నుంచి సెగా తేరుకోలేదు. పోయిన పరువు తెచ్చుకోవాలని 1998 నవంబర్ 27న జపాన్‌లో డ్రీమ్‌కాస్ట్‌ను విడుదల చేసింది. హిటాచీ ప్రాసెసర్, పవర్‌వీఆర్ గ్రాఫిక్స్ చిప్. ఇవే భాగాలకు రెట్టింపు మెమరీ చేర్చి నయోమి అనే బోర్డు చేసి, నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల్లో పెట్టింది. అంటే పార్లర్‌లో ఉన్నదీ ఇంట్లో టీవీ కింద ఉన్నదీ ఒక తల్లి పిల్లలే.

అందుకే మొదట ఆడాల్సింది క్రేజీ టాక్సీ. 1999లో ఆర్కేడ్‌లో, మరుసటి ఏడాది ఇంట్లో. ప్రయాణికుణ్ణి ఎక్కించుకో, అడ్డొచ్చిన కార్ల మధ్య దూరిపో, గడువు తీరేలోపు దించెయ్. కథా కమామీషూ లేవు. అన్నం ఉడికేలోపు రెండాటలు అయిపోతాయి.

సోల్‌కాలిబర్ సంగతి వేరు. నామ్కో కంపెనీ దీన్ని ఆర్కేడ్‌లో నడిపింది నయోమి మీద కాదు, పాత ప్లేస్టేషన్ తరహా బోర్డు మీద. 1999లో డ్రీమ్‌కాస్ట్‌కు తెచ్చినప్పుడు బొమ్మలన్నీ మళ్ళీ చెక్కారు. ఇంటి ఆట ఆర్కేడ్ ఆటకు నాసిరకం నకలుగా ఉండడమే అప్పటిదాకా రివాజు. ఇక్కడ నకలే అసలును మించిపోయింది. ఫామిత్సు పత్రిక 40కి 40 వేసింది. ఒక్క డిస్కే కొనగలిగితే ఇదే కొనండి.

ఆర్కేడ్ గడప దాటి వెళ్ళిన ఆటలూ ఉన్నాయి. 1999 డిసెంబర్‌లో సెగా ఆటల రూపకర్త యు సుజుకి తెచ్చిన షెన్‌మూ వాటిలో పెద్దది. 1986 నాటి యోకోసుకా పట్నం, తండ్రిని చంపినవాడి కోసం వెతికే కుర్రాడు. సొరుగులు తెరవొచ్చు, ఫోన్ తిప్పొచ్చు, రేవులో ఫోర్క్‌లిఫ్ట్ తోలి జీతం తీసుకోవచ్చు. కొందరికి విసుగు, నాకు ఆ నింపాదే ఇష్టం. తమాషా ఏమిటంటే, ఆ కుర్రాడు పొద్దు పోక దూరే ఆర్కేడ్‌లో సుజుకి 1985లో చేసిన హ్యాంగ్ ఆన్, స్పేస్ హారియర్ ఉంటాయి. గడప దాటినవాడు కూడా పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చిపోయాడన్నమాట.

ఇక పెట్టెలోనే మోడెమ్ పెట్టిన ఫలం 2000 డిసెంబర్ నాటి ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్. సిద్ధంగా ఉన్న మాటల్లోంచి ఏరి వాక్యం కూరిస్తే, అవతలి ఆటగాడి తెర మీద అతని భాషలో కనిపించేది. ఫోన్ లైన్ మీద ఇంత సాధించారు.

అయినా బండి నడవలేదు. 2000 మార్చిలో డీవీడీలు కూడా ఆడే ప్లేస్టేషన్ 2 వచ్చింది. ఆటల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ డ్రీమ్‌కాస్ట్‌కు ఒక్క ఆటా చేయలేదు. పాటల సీడీలు కూడా ఆడాలని కాపలాలో వదిలిన సందులోంచి దొంగ డిస్కులు దూరాయి. 2001 జనవరి 31న తయారీ ఆపుతున్నామని సెగా ప్రకటించింది. అమ్ముడైనవి సుమారు 91 లక్షలు. కంపెనీ పెద్ద ఇసావో ఒకావా దాదాపు 70 కోట్ల డాలర్ల సొంత ఆస్తిని సెగాకు రాసిచ్చి, మార్చిలో కన్నుమూశాడు.

కానీ ఆర్కేడ్‌లలో నయోమి ఆగలేదు. అక్కడికి చేసిన ఆటను ఇక్కడికి తేవడం కష్టం కాదు గనుక, తయారీ ఆగాక కూడా జపాన్‌లో డిస్కులు వస్తూనే ఉన్నాయి. వాటిలో మకుటం 2002 నాటి ఇకరుగా. మీ విమానం తెలుపులో ఉంటే తెల్ల తూటాలను మింగేస్తుంది, నలుపులో ఉంటే నల్లవాటిని. తప్పు రంగులో దొరికితే చావే. బ్రొటనవేళ్ళు అలవాటు పడడానికి వారాలు పడతాయి. వరసలో చివరిగా 2007లో కారస్ వచ్చింది.

పాత పెట్టె కొనేవాళ్ళకు ఒక్క మాట. లోపలి గడియారం బ్యాటరీ ఈపాటికి పోయే ఉంటుంది. ఎన్నిసార్లు ఆన్ చేసినా ముందు తేదీ అడుగుతుంది. తెర మీద చూపించేది మాత్రం 1998 నవంబర్ 27.