శిస్తు తాఖీదు – సలహాదారు

గ్రామపెద్దలారా! కచ్చేరీనుండి తాఖీదు వచ్చినదన్నంతనే రైతుగుండె ఝల్లుమనుట మన యూళ్లలో నిన్నమొన్నటిది కాదు. ఆ భయమునకొక చరిత్ర కలదు. దానిని సంగ్రహముగా విన్నవించెదను.

1800లో నిజాము దత్తమండలములను కుంపిణీవారికి ఒప్పగించెను. అచ్చట తామస్ మన్రో కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నడపెను. నడుమ జమీందారు లేడు; రైతు పేరనే పట్టా, రైతుపైననే శిస్తు. వినుటకు బాగుగనే యున్నది. కాని లెక్క కరణముచేతను, వసూలు బంట్రోతులచేతను ఉండెను. కాగితముమీద నిబంధనలు ఎన్ని యున్నను, బాకీదారునకు తాఖీదుకంటె ముందు దెబ్బయే అందెడిది.

1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించిన గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు ఈ ఘోరమును సీమలోని పార్లమెంటువరకు తెలియజేసిరి. పిమ్మట నియమింపబడిన విచారణసంఘము 1855లో నివేదిక నిచ్చెను. ఎండలో నిలువబెట్టుట, వంగదీసి వీపుపై రాయి మోపుట, వ్రేళ్లను కొయ్యల నడుమ నొక్కుట మొదలగు హింసలు నిజమేయని ఆ సంఘము తేల్చెను.

తరువాత వచ్చినది 1864వ సంవత్సరపు రెండవ ఆక్టు. శిస్తు బాకీలను వసూలుచేయు శాసనము. భూమిని జప్తుచేయుటకు ముందు వ్రాతమూలకమైన తాఖీదు ఈయవలెనని అది విధించెను. అందు బాకీ మొత్తము, భూమి వివరము, బాకీదారుని పేరు, తెచ్చినవాని బత్తా, చెల్లింపు గడువు ఉండవలెను. వేలపు ప్రకటనను నెలదినములు ముందుగా, ఇంగ్లీషుననే గాక జిల్లాభాషలోను, అంటింపవలెను. వేలమున మోసము గాని పెద్ద పొరపాటు గాని జరిగినచో 30 దినములలో కలెక్టరునకు అర్జీ పెట్టుకొనవచ్చును. అనగా మనము చూచి వణకెడు తాఖీదు నిజమునకు దెబ్బకును రైతునకును నడుమ కట్టిన కంచెయే.

అయినను ఆ కంచె రైతునకు తెలిసినది కాదు. తాఖీదులోని మాటలు సగము పారసీకము, సగము ఇంగ్లీషు. జమాబందీ, జప్తు, శివాయిజమా – వీని భేదము చెప్పుటకు మఱియొకడు కావలసివచ్చెను. కచ్చేరీ అరుగుమీది అర్జీవ్రాతగాడు ఇట్లు పుట్టెను. వారిలో మంచివారు లేకపోలేదు. కాని అర్జీ పొడవైనకొలది కూలి పెరుగును గాని గడువు పెరుగదు.

ఇంతకంటె చేటు తెచ్చిన సలహా యొకటి కలదు. 1905వ సంవత్సరపు మూడవ ఆక్టు ప్రకారము సర్కారు భూమిని అనుమతి లేక సాగుచేసినవానిపై శిస్తుగాక జుల్మానాయు పడును. శిస్తు నిర్ణయింపబడిన భూమికి పదింతలవరకు, నిర్ణయింపబడని భూమికి ఇరువదింతలవరకు వేయవచ్చును. “కట్టుచుండుము, రశీదులే పట్టా యగును” అని తెలిసినవారమనుకొన్నవారు చెప్పుచువచ్చిరి. ఆ శిస్తు చెల్లించినంతమాత్రమున భూమిపై హక్కు కలుగదని ఆ శాసనముననే యున్నది! నేనెఱిగిన యొక కుటుంబమువారు తండ్రినాటి రశీదుల కట్టను పసుపుగుడ్డలో దాచి నాకు చూపిరి. ఒక్క రూపాయియు ఎగబెట్టలేదు. ఖాళీచేయుమన్న తాఖీదు వచ్చిననాడు ఆ కట్ట వారిని కాపాడలేదు. సలహా చెప్పినవాడు అప్పటికి ఊరిలో లేడు.

1984లో కరణీకము పోయినది. పై రెండు శాసనములు మాత్రము ఆంధ్రదేశమున నిలిచియున్నవి. కావున తాఖీదు వచ్చినప్పుడు నాలుగు సంగతులు చూడుడు: ఏ శాసనము క్రింద వచ్చినది, ఏ సర్వే నంబరు, అసలు శిస్తు ఎంత జుల్మానా ఎంత, గడువు ఏనాటికి. సలహా చెప్పువానిని “ఈ మాట ఏ సెక్షనులో నున్నది, చూపుము” అని అడుగుడు. చూపగలవానికి కూలి సంతోషముగా నిండు. చూపలేనివాని మాట నమ్మి గడువు దాటనీయకుడు. వేలమునాడు పొలము పోవునది మీకే గాని వానికి కాదు.