విచ్చుకున్న గొట్టం

టమోటా లోడుతో మదనపల్లె దాటిన లారీ పుంగనూరు ఎత్తుల్లో లాగకపోతే, డ్రైవర్లు చాలామంది మొదట అనుమానించేది ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లనే. వాటిని పరీక్షించే యంత్రం డీజిల్ పంపు షాపులో బల్లకు బిగించి ఉంటుంది. మేస్త్రీ దాని పిడి నొక్కుతాడు. ఒత్తిడి చూపే గేజిలో ముల్లు వణుకుతూ పైకెక్కుతుంది. పాత లారీ నాజిలైతే దాదాపు 200 బార్ దగ్గర కిర్రుమంటూ డీజిల్‌ను మంచులా చిమ్ముతుంది. చిమ్మకుండా చుక్కలు కార్చిందంటే దాని పని అయిపోయినట్టే.

ఆ ముల్లును కదిలించే ఉపాయం ఒక చెడిపోయిన పైపులో దొరికింది. పారిస్‌లో ఆవిరి యంత్రాలు తయారుచేసే యూజీన్ బూర్డాన్ దగ్గర, చుట్టలుగా వంచిన పైపొకటి నొక్కుకుపోయి చదునైంది. బాగుచేద్దామని ఒక కొస మూసి, రెండో కొసలోంచి ఒత్తిడితో నీళ్లెక్కించారు. చదును లేస్తుంటే చుట్ట కూడా మెల్లగా విచ్చుకుంది. పుంగనూరు గంగమ్మ జాతరలో పిల్లలు ఊదే కాగితపు పీపీ ఎలా సాగుతుందో, అచ్చం అలాగే. ఇంకొకరైతే పైపు బాగుపడిందని సంతోషించి ఊరుకునేవారు. బూర్డాన్ మాత్రం ఆ విచ్చుకోవడాన్నే పట్టుకున్నాడు. గొట్టం ఎంత విచ్చుకుందో చూస్తే ఒత్తిడి ఎంతో తెలుస్తుంది కదా! 1849లో పేటెంటు తీసుకున్నాడు. ఈరోజు ముల్లున్న గేజి విప్పి చూసినా లోపల సాధారణంగా వంగిన ఆ లోహపు గొట్టమే కనిపిస్తుంది.

డీజిల్ ఇంజను ఈ గేజి తర్వాతే పుట్టింది. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనులోకి ఇంధనాన్ని గాలి ఒత్తిడితో ఊదించాడు. దానికి కావలసిన కంప్రెసర్ బరువు లారీ మోసేది కాదు. రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో డీజిల్ ఇంజెక్షన్ మీద పని మొదలుపెట్టి, 1927లో ఇంజెక్షన్ పంపుల తయారీకి దిగాక డీజిల్ లారీలు రోడ్ల మీద విస్తరించాయి. 1990ల్లో, నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టంలో ఒత్తిడి నిలిపి ఉంచే కామన్ రైల్ పద్ధతి వచ్చింది. 1997లో కార్లకు వచ్చిన బాష్ పద్ధతిలో ఒత్తిడి 1,350 బార్. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్‌కు అటూఇటూ.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. పాత బండ్లలో ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలుసుకోవడానికి, ఇంజను నడుస్తుండగానే నాజిల్ పైపు నట్టు వదులు చేసి శబ్దం వినేవారు. ఎన్నో ఏళ్ల అనుభవం నేర్పిన విద్య అది. కామన్ రైల్ బండిలో మాత్రం ఆ నట్టు మీద స్పానర్ పెట్టకండి. కంటికి కనపడనంత సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయట సూదిపోటంతే కనిపిస్తుంది, లోపల వేలు కుళ్లుతుంది. ఆ ఒత్తిడిని సెన్సర్ కొలుస్తుంది, స్కానర్‌లో చదువుకోవాలి.

పెట్రోలు ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి గేజి ఇప్పటికీ పనికొస్తుంది. పైపులో ఉన్న ఒత్తిడి ముందుగా వదిలేసి, గేజి తగిలించి, తాళం తిప్పితే సాధారణంగా మూడు నాలుగు బార్ చూపాలి. సరైన అంకె ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. తర్వాత తాళం ఆపేసి, ముల్లు పడిపోతుందేమో చూడాలి. కుప్పంలో అయినా ఇంకెక్కడైనా తొందరపడని మేస్త్రీ అప్పుడే పంపు మార్చమనడు. టీ తాగి వచ్చి, ముల్లు ఎక్కడుందో మళ్లీ చూస్తాడు.