క్విన్సీ రాతి గనులు: నాడు, నేడు

రాళ్ళు కొట్టి ఎత్తుకుపోయిన గుంతను పనిగట్టుకుని చూడబోయేవాళ్ళు ఉంటారా అని మనవాళ్ళు అడగవచ్చు. ఉన్నారు. అమెరికాలో బోస్టన్ నగరానికి దక్షిణాన సుమారు పది మైళ్ళ దూరంలో క్విన్సీ అనే ఊరుంది. అక్కడి పాత గ్రానైట్ గనికి సెలవు రోజుల్లో జనం పిల్లాపాపలతో వస్తారు. కొందరు నడకకు, కొందరు నడుముకు తాళ్ళు కట్టుకుని రాతిగోడలు ఎక్కడానికి, నాబోటి వాళ్ళు చరిత్ర కోసం. మా తమ్ముడు ఆ ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నందువల్ల ఒక వేసవి సెలవుల్లో ఆ చోటు చూసే అవకాశం నాకు కలిగింది.

క్విన్సీ రాయి ముదురు బూడిద రంగుది. నునుపు పెడితే అద్దంలా మెరుస్తుంది. దాని వయసు దాదాపు 45 కోట్ల ఏళ్ళు. మన హైదరాబాదు గుట్టల రాయి 250 కోట్ల ఏళ్ళ నాటిది కనుక పెద్దరికం మనదే! మొదట్లో అక్కడివాళ్ళకు ఆ రాయిని తిన్నగా చీల్చడం తెలియదు. నేలమీద దొరికిన గుండ్లను నిప్పుతో కాల్చి, పైనుంచి బరువైన ఇనుప గుండ్లు పడవేసి పగలగొట్టేవారు. బోస్టన్‌లో 1754లో పూర్తయిన కింగ్స్ చాపెల్ చర్చి అలాంటి రాళ్ళతో కట్టినదే. 1803 ప్రాంతంలో కొత్త పద్ధతి వచ్చింది. బండమీద వరుసగా చిన్న బెజ్జాలు తొలచి, ఒక్కొక్క బెజ్జంలో రెండు ఇనుప రేకులు నిలిపి, వాటి నడుమ చీల దిగగొట్టడం. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోతే బండ గీత గీసినట్టు చీలుతుంది. మన వడ్డెరవాళ్ళ పని చూసినవారికి ఇదేమీ వింత కాదు. సగానికి చీలిన ఆ బెజ్జాల గుర్తులు గోడలమీద ఇప్పటికీ ఉన్నాయి, చేత్తో తడిమి చూడవచ్చు.

ఈ ఊరికి అంత పేరు రావడానికి కారణం ఒక స్మారక స్తంభం. 1775 జూన్ 17న బోస్టన్ పక్కనే బంకర్ హిల్ యుద్ధం జరిగింది. ఇంగ్లీషు సైన్యానికి, స్వాతంత్ర్యం కోరిన వలస ప్రజలకు మధ్య జరిగిన తొలి పోరాటాలలో అది ఒకటి. సరిగ్గా 50 ఏళ్ళకు, 1825 జూన్ 17న, ఫ్రెంచి సేనాని లఫాయెత్ సమక్షంలో స్తంభానికి పునాది వేశారు. రాయి కోసం సోలొమన్ విలర్డ్ అనే శిల్పి కాలినడకన ఎన్నో చోట్లు తిరిగి, చివరికి క్విన్సీ రాయిని ఎంచుకున్నాడు. రాయి దొరికింది సరే, మోసేదెట్లా? గ్రిడ్లీ బ్రయంట్ అనే ఇంజనీరు ఏం చేశాడంటే, గని దగ్గరనుంచి నెపాన్సెట్ నది దాకా సుమారు మూడు మైళ్ళు పట్టాలు వేయించాడు. 1826 అక్టోబరు 7న బండ్లు కదిలాయి. లాగింది గుర్రాలు. పట్టాలు ఇనుప పట్టీ వేసిన కొయ్యవి, కింద స్లీపర్లు మాత్రం గ్రానైట్‌వే. నది దగ్గరనుంచి రాళ్ళు పడవల్లో వెళ్ళేవి. అమెరికాలో మొట్టమొదటి రైలు మార్గాలలో దీన్ని లెక్కిస్తారు.

ఇది చదువుతుంటే నాకు మన మక్కా మసీదు గుర్తుకు వచ్చింది. సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టించగా ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయిన ఆ మసీదులో మెహ్రాబ్ రాయి ఒక్కటి తొలచడానికి అయిదు సంవత్సరాలు పట్టిందని, 500 - 600 మంది ఎడతెగక పని చేశారని, దాన్ని లాగడానికి 1,400 ఎడ్లు కావలసివచ్చాయని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ రాశాడు. పాపం ఆయన మసీదును పగోడా అన్నాడు, అది వేరే సంగతి.

స్తంభం పని మాత్రం ఏళ్ళ తరబడి సాగింది. మధ్యలో డబ్బు అయిపోయి నిలిచిపోయింది కూడా. 1840లో సారా జోసెఫా హేల్ అనే రచయిత్రి పూనుకుని ఆడవాళ్ళ చేత పెద్ద సంత జరిపించి చందా పోగు చేయించింది. (సంఘాలు నడిపేవారికి ఈ బాధ నేను చెప్పనక్కర్లేదు.) 1843 జూన్ 17న ఆవిష్కరణ జరిగింది. ఎత్తు 221 అడుగులు, మెట్లు 294.

రాయి ఊరికే రాలేదు. 1832 జూలై 25న ఏటవాలు పట్టాలమీద గొలుసు తెగి, చూడవచ్చినవాళ్ళు ఎక్కిన బండి పడిపోయి ఒకరు చనిపోయారు. తర్వాతి కాలంలో ఇటలీ, ఫిన్లాండ్, స్కాట్లాండ్ దేశాలనుంచి వచ్చిన రాతి పనివాళ్ళ ఊపిరితిత్తులు రాతి దుమ్ముతో చెడిపోయాయి. మన క్రషర్ల దగ్గర పనిచేసేవాళ్ళ దగ్గు విన్నవారికి ఆ మాట అర్థమవుతుంది.

చివరి గని 1963లో మూతపడింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తర్వాతి కథ. నీళ్ళు తోడేవాళ్ళు లేక గుంతలు నిండిపోయాయి. కుర్రాళ్ళు గట్లమీదనుంచి దూకి ఈత కొట్టడం మొదలుపెట్టారు. అడుగున ఏముందో పైకి కనబడదు. నీళ్ళు లోతు, చల్లన. ఏళ్ళ తరబడి ఎందరో పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1985లో రైల్వే గని ఉన్న స్థలాన్ని ప్రభుత్వం కొని ఉద్యానవనంగా చేసింది. ఆ తర్వాత బోస్టన్ నగరం కింద పెద్ద సొరంగ రహదారి తవ్వినప్పుడు వచ్చిన మట్టిని తెచ్చి గుంతలు పూడ్చారు. నీళ్ళు ఉన్నచోట ఇప్పుడు గడ్డి ఉంది. పైన మిగిలిన గోడలను ఎక్కేవాళ్ళకు వదిలిపెట్టారు. రాళ్ళనిండా రంగురంగుల రాతలు రాసి పాడు చేశారు, అది నాకు నచ్చలేదు. అయితే నేను చూసిన రోజున తండ్రి తాడు పట్టుకుని కింద నిలబడితే, పదేళ్ళ పిల్ల గోడ సగం దాకా ఎక్కింది.

ఇక మన సంగతి. మా బళ్ళో ఏడో తరగతి చదివే ఒక అబ్బాయి మొన్నటి ఎండాకాలంలో ఊరవతల వదిలేసిన క్వారీ గుంతలో ఈతకు దిగి పైకి రాలేదు. జనాజాలో వాడి తరగతి పిల్లలందరూ నడిచారు. హాజరు పట్టీలో వాడి పేరు నేనే కొట్టేశాను. ఆ గుంత ఇంకా అలాగే ఉంది, చుట్టూ కంచె కూడా లేదు. మన ఊరి చుట్టుపక్కల ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క తీసి, సెలవులు ఇచ్చేలోగా కలెక్టరు గారికి సంఘం తరఫున అర్జీ పెట్టాలని సభ్యులకు నా మనవి. ముసాయిదా రాసి ఉంచాను. సంతకాలు చేయదలచినవారు జుమా నమాజు తర్వాత నన్ను కలవవచ్చు.