శస్త్రచికిత్సలో మత్తు - రోగి ఎంపిక

శస్త్రచికిత్స సమయంలో రోగికి నొప్పి తెలియకుండా చేసే ప్రక్రియను అనస్థీషియా అంటారు. ఈ పదం గ్రీకు భాష నుండి వచ్చింది; స్పర్శజ్ఞానం లేకపోవడం అని దీని అర్థం. తెలుగు వాడుకలో దీనిని 'మత్తు ఇవ్వడం' అంటారు. మత్తు ఏ రకంగా ఉండాలి, ఎంత గాఢంగా ఉండాలి, ఎవరు ఇవ్వాలి అనే విషయాలలో రోగికి కొన్ని ఇష్టాయిష్టాలు ఉంటాయి. వైద్యపరంగా సాధ్యమైనంత వరకు వాటిని తెలుసుకొని గౌరవించడం వైద్యుని బాధ్యత.

చరిత్ర

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు రోగి చేత ఈథర్ ఆవిరిని పీల్పించాడు. నొప్పి లేకుండా శస్త్రచికిత్స చేయవచ్చునని ఆ ప్రదర్శనతో లోకానికి తెలిసింది. మరుసటి సంవత్సరం స్కాట్లాండులో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారం వాడకాన్ని ప్రారంభించాడు. ప్రసవవేదన ప్రకృతిసిద్ధమైనదని, దానిని మందులతో తగ్గించరాదని పలువురు వాదిస్తున్న ఆ కాలంలో, 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదవ కాన్పుకు జాన్ స్నో అనే వైద్యుని చేత క్లోరోఫారం ఇప్పించుకొంది. రోగి కోరిక వైద్యరంగంలోని ఆచారాన్ని మార్చడానికి ఇది ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఈ చరిత్రలో హైదరాబాదుకు ప్రత్యేక స్థానం ఉంది. క్లోరోఫారం వల్ల సంభవించే మరణాలకు కారణం తెలుసుకోవడానికి 1888, 1889 సంవత్సరాలలో నిజాం ప్రభుత్వ సహాయంతో, ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో, రెండు క్లోరోఫారం కమిషన్లు ప్రయోగాలు జరిపాయి. ప్రమాదం శ్వాస ఆగడం వల్లనే వస్తుందని అవి తేల్చాయి. క్లోరోఫారం గుండెను కూడా నేరుగా ఆపగలదని తరువాతి పరిశోధనలలో రుజువైంది. అయినా, మత్తు ఇచ్చే వ్యక్తి రోగి శ్వాసను క్షణక్షణం గమనించాలన్న పాఠం ఈనాటికీ విలువైనదే. ఆ కాలంలో హైదరాబాదులో క్లోరోఫారం ఇచ్చిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరు పొందింది.

మత్తులో రకాలు

* స్థానిక మత్తు: కోసే చోట మాత్రమే తిమ్మిరి కలిగిస్తారు. పన్ను తీసేటప్పుడు ఇచ్చే ఇంజక్షను ఇటువంటిదే.
* ప్రాంతీయ మత్తు: శరీరంలో ఒక భాగానికి స్పర్శ లేకుండా చేస్తారు. నడుము వద్ద వెన్నుపూసల మధ్య ఇచ్చే స్పైనల్ ఇంజక్షను ఈ కోవకు చెందుతుంది. రోగి మెలకువగానే ఉంటాడు. మాటలు వినిపిస్తాయి, లాగుతున్నట్లు తెలియవచ్చు, కాని నొప్పి ఉండదు.
* సెడేషన్: రోగిని మగతలో ఉంచడం. ఇది స్వల్పం, మధ్యస్థం, గాఢం అని మూడు స్థాయిలలో ఉంటుంది.
* సంపూర్ణ మత్తు: రోగికి స్పృహ ఉండదు. శ్వాసకు తరచు గొట్టం, యంత్రం అవసరమవుతాయి.

సెడేషన్ స్థాయిల మధ్య స్పష్టమైన గీత లేదు. మధ్యస్థ మగతలో ఉన్న రోగి అనుకోకుండా గాఢమైన మత్తులోకి జారిపోవచ్చు. అందువల్ల మత్తు ఇచ్చే వ్యక్తికి, తాను ఉద్దేశించిన స్థాయి కంటె లోతుకు వెళ్ళిన రోగిని కాపాడగల సామర్థ్యం ఉండాలి.

రోగుల అభిరుచులు

కొందరు రోగులు తమకు ఏమీ తెలియకూడదని కోరుకొంటారు. కత్తెరల చప్పుడు, వైద్యుల సంభాషణ వినడం వారికి భయం. మరికొందరికి స్పృహ కోల్పోవడమే భయం. సిజేరియన్ కాన్పులో బిడ్డ తొలి ఏడుపు వినాలని చాలామంది తల్లులు ఆశిస్తారు. సాధారణంగా స్పైనల్ పద్ధతే అనుకూలమైనది కనుక ఇక్కడ రోగి కోరిక, వైద్యుని సలహా ఒకటే అవుతాయి.

మిడజోలం అనే మందు విషయంలో అభిప్రాయభేదాలు ఎక్కువ. ఈ మందు ఆందోళనను తగ్గిస్తుంది, జ్ఞాపకాన్ని కూడా తుడిచివేస్తుంది. రోగి అడిగినదానికి జవాబు చెప్పి, చెప్పినట్లు కదిలి, తరువాత ఏదీ గుర్తులేదనవచ్చు. దీనిని కొందరు వరంగా భావిస్తే, తమ శరీరానికి ఏమి జరిగిందో తెలియకపోవడం కొందరికి సమ్మతం కాదు. అటువంటివారు ఈ మందు వద్దని ముందుగా చెప్పవచ్చు.

సంపూర్ణ మత్తు మధ్యలో మెలకువ వస్తుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. బ్రిటన్, ఐర్లండులలో జరిగిన ఒక పెద్ద పరిశీలన 2014లో వెలువడింది. దాని ప్రకారం సుమారు 19,000 సంపూర్ణ మత్తులలో ఒక దానిలో రోగులు ఇటువంటి అనుభవాన్ని తెలియజేశారు.

ఏ పద్ధతి మేలన్నది అన్ని సందర్భాలలో శాస్త్రం తేల్చలేదు. తుంటి ఎముక విరిగిన వృద్ధులపై అమెరికా, కెనడాలలో జరిగి 2021లో ప్రచురితమైన అధ్యయనంలో, స్పైనల్ పద్ధతి సంపూర్ణ మత్తు కంటె మెరుగని తేలలేదు. ఇటువంటి చోట రోగి ఇష్టానికి ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

మత్తు ఇచ్చేవారు

భారతదేశంలో మత్తు ఇచ్చేవారు వైద్యులే. ఎం.బి.బి.ఎస్. తరువాత ఎం.డి. లేదా డి.ఎన్.బి. వంటి చదువుతో వారు ఈ విభాగంలో నిపుణులవుతారు. అమెరికాలో వైద్యులతోపాటు ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కూడా మత్తు ఇస్తారు. వారిపై వైద్యుని పర్యవేక్షణ ఉండాలన్న కేంద్ర నిబంధన నుండి తప్పుకొనే వీలు 2001లో రాష్ట్రాలకు లభించింది. బ్రిటన్‌లో వైద్యులు కాని అనస్థీషియా సహాయకులు 2024 డిసెంబరు నుండి జనరల్ మెడికల్ కౌన్సిల్ నియంత్రణలోకి వచ్చారు.

మందు కంటె దానిని ఇచ్చే చేయి, గమనించే కన్ను ముఖ్యం. గాయకుడు మైఖేల్ జాక్సన్ 2009లో మరణించడానికి ప్రధాన కారణం ప్రొపొఫాల్ అనే మత్తుమందు. ఆసుపత్రులలో నిత్యం వాడే ఈ మందును అతనికి ఇంటివద్ద, తగిన పరికరాలు, పర్యవేక్షణ లేకుండా ఇచ్చారు.

సమ్మతి

మత్తులో ఉన్న రోగి తన మాట తాను చెప్పుకోలేడు. అందుచేత ముందుగా తెలిపిన సమ్మతే అతనికి రక్షణ. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరి 16న భారత సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ముఖ్యమైనది. పరీక్ష కోసం సంపూర్ణ మత్తు ఇచ్చిన ఒక మహిళకు, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి అనుమతి తీసుకొని గర్భాశయాన్ని తొలగించారు. ప్రాణాపాయం లేనప్పుడు, నిర్ణయం తీసుకోగల వయోజనురాలికి బదులుగా ఇతరులు ఇచ్చిన అనుమతి చెల్లదని, పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు వర్తించదని న్యాయస్థానం తేల్చింది. సమ్మతి పత్రంపై సంతకం మగత కలిగించే మందు ఇవ్వడానికి ముందే జరగాలి.

ఎంపికకు హద్దులు

రోగి కోరినదల్లా సాధ్యం కాదు. గుండె, మెదడు, పొట్టలకు సంబంధించిన అనేక పెద్ద శస్త్రచికిత్సలకు సంపూర్ణ మత్తు తప్పనిసరి. రక్తం పలుచబడే మందులు వాడేవారికి స్పైనల్ ఇంజక్షను ప్రమాదకరం కావచ్చు. ప్రాంతీయ మత్తు చాలకపోతే సంపూర్ణ మత్తుకు మారవలసి వస్తుంది; ఆ అవకాశం గురించి ముందే మాట్లాడుకోవడం మంచిది.

రోగి అడగదగిన ప్రశ్నలు

* మత్తు ఇచ్చేది ఎవరు? వారు చివరివరకు నా దగ్గర ఉంటారా?
* నాకు వేరే పద్ధతి ఏదైనా వీలవుతుందా? వాటి లాభనష్టాలేమిటి?
* జ్ఞాపకాన్ని పోగొట్టే మందు ఇస్తారా? అది వద్దనవచ్చునా?
* ఎంతసేపు ఏమీ తినకుండా ఉండాలి? సాధారణంగా ఘనాహారం 6 గంటలు, మంచినీరు 2 గంటలు ముందు మానివేయాలి.

రోగి కూడా తన వైపు నుండి గతంలో మత్తుతో కలిగిన ఇబ్బందులు, కుటుంబంలో ఎవరికైనా మత్తువల్ల వచ్చిన ప్రమాదాలు, వాడుతున్న మందులు, పడని మందులు, పొగతాగే లేదా మద్యం సేవించే అలవాట్లు, కదిలే పళ్ళ గురించి దాచకుండా చెప్పాలి. మత్తువైద్యుడు తన నిర్ణయాన్ని ఈ సమాచారం ఆధారంగానే తీసుకొంటాడు.